మరపడవ కొంటే చాలదు.. కాపాడుకోవడమూ తెలియాలి

- తొలి మూడేళ్ల అనుభవమే అసలు పెట్టుబడి
- ఇంధనం, ఇంజిను, కట్టుతాడు.. ఏది మరిచినా నష్టమే
- సోమశిల నీటిమట్టంతోపాటే మారే ప్రమాదాలు

ఆత్మకూరు, ఉదయగిరి: వానకు ముఖం వాచిన మెట్టప్రాంతంలో మరపడవ గురించి మాట్లాడటం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ జిల్లా పడమటి అంచున వెలికొండలను చీల్చుకుని పెన్నానది మైదానంలోకి అడుగుపెట్టేచోటే 78 టీఎంసీల సామర్థ్యంతో సోమశిల జలాశయం ఉంది. ఉదయగిరి వైపు పిల్లాపేరుపై గండిపాలెం జలాశయం ఉంది. ఈ నీటిని నమ్ముకుని వలలు వేసే కుటుంబాలకు తరతరాలుగా తెలిసినవి తెప్ప, పుట్టి, తెడ్డు. తెడ్డు స్థానంలో ఇంజిను వచ్చినప్పుడు దూరం తగ్గుతుంది, శ్రమ తగ్గుతుంది. అదే సమయంలో ఖర్చు, బాధ్యత, ప్రమాదం మూడూ పెరుగుతాయి. అప్పు చేసి కొన్న పడవ మూడేళ్లలో కుటుంబాన్ని నిలబెట్టనూ వచ్చు, ఒడ్డున తిరగబడి ఎండుతూ వడ్డీని మాత్రమే మిగల్చనూ వచ్చు. ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడా ఎక్కువగా తొలి మూడేళ్లలో నేర్చుకునే చిన్న చిన్న విషయాలలోనే ఉంటుంది.

కొనేముందే తేల్చుకోవాల్సినవి

కొత్తగా కొనేవారు ముందుగా ఇంజిను శక్తి గురించి అడుగుతారు. నిజానికి ముందు చూడాల్సింది పడవను. ఎంతమంది ఎక్కుతారు, వలల బరువెంత, ఎంతదూరం వెళ్లాలి, ఏ నీటిలో తిరగాలి అన్నవి తేలితే ఇంజిను ఎంతది కావాలో అదే తెలుస్తుంది. చిన్న పడవకు పెద్ద ఇంజిను బిగిస్తే వెనుకభాగం కుంగిపోతుంది, ముక్కు పైకి లేస్తుంది. నడిపేవారికి ఎదురుగా ఏముందో కనిపించదు. ఒక్కసారిగా వేగం పెంచితే వెనుకనుంచి నీరు లోపలికి వస్తుంది.

ఔట్‌బోర్డు ఇంజిను తగిలించే వెనుక చెక్క ఎత్తు రెండో అంశం. చిన్న ఇంజిన్లలో పొట్టి కాడ రకానికి సుమారు 15 అంగుళాలు, పొడవు కాడ రకానికి సుమారు 20 అంగుళాల ఎత్తు ఉండాలి. ఈ కొలత కుదరకుంటే నీటిలో తిరిగే పంకా (ప్రొపెల్లర్) పైకి తేలి గాలిని చిలుకుతుంది, లేదా అవసరానికి మించి లోతుకు దిగి రాళ్లకు తగులుతుంది. పంకాకు పైన ఉండే పలక పడవ అడుగుభాగంతో దాదాపు సమానంగా ఉంటే సరిగా కుదిరినట్లు. ఇంజిను కొనడానికి వెళ్లేముందే టేపుతో ఈ కొలత తీసుకోవడం మేలు.

సెకండ్‌హ్యాండ్ ఇంజిను తీసుకునేవారు గేరు ఆయిల్‌ను తప్పక చూడాలి. కింద ఉండే మర విప్పగానే కారే నూనె తెల్లగా, మజ్జిగలా కనిపిస్తే లోపలికి నీరు చేరినట్లే. రంగు కొత్తగా వేసి ఉండవచ్చు, శబ్దం బాగుండవచ్చు. ఆ నూనె రంగు మాత్రం అబద్ధం చెప్పదు.

మొదటి ఏడాది: ఇంజిను నేర్పే పాఠం

కొత్త ఇంజిను తెచ్చిన రోజే పూర్తి వేగంతో జలాశయం చుట్టి రావాలనిపించడం సహజం. తొలి పది గంటలపాటు ఆ కోరికను అణచుకోవాలి. లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేవరకూ వేగాన్ని మారుస్తూ, మధ్యస్థంగా నడపాలి. టూ స్ట్రోక్ ఇంజిన్లకు ఈ దశలో నూనె పాలు ఎక్కువగా కలపాలని తయారీదారులు పుస్తకంలోనే సూచిస్తారు. తర్వాత సాధారణంగా 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు నూనె సరిపోతుంది. అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కంటికి తోచినంత పోయడం పనికిరాదు. నూనె తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి నడినీటిలో ఇంజిను ఆగుతుంది. ద్విచక్రవాహనాల నూనెకు, పడవ ఇంజిను నూనెకు తేడా ఉంది. నీటితో చల్లబడే ఇంజినుకు దానికి ఉద్దేశించిన నూనెనే వాడాలి.

ఇంజిను నడుస్తున్నప్పుడు దాని వెనుకనుంచి సన్నటి నీటిధార బయటికి చిమ్ముతూ ఉండాలి. నీటిపంపు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. ధార సన్నగిల్లినా, ఆగినా మరుక్షణమే ఇంజిను ఆపాలి. ప్లాస్టిక్ సంచి, నాచు, బురద లాంటివి నీరు పీల్చే రంధ్రాలకు అడ్డుపడి ఉండవచ్చు. తీసివేసినా ధార రాకుంటే పంపులోని రబ్బరు చక్రం అరిగిందని గ్రహించాలి. పొడినేలపై ఇంజినును స్టార్ట్ చేసి చూపించే సరదా ఈ రబ్బరు చక్రానికి ప్రధాన శత్రువు. నీరు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా అది మాడిపోతుంది. వందల రూపాయల్లో పోయే ఈ భాగాన్ని అశ్రద్ధ చేస్తే వేల రూపాయల విలువైన సిలిండరు హెడ్డు దెబ్బతింటుంది.

చాలా కంపెనీల ఇంజిన్లకు 20 గంటల వాడకం తర్వాత తొలి సర్వీసు, ఆపై వంద గంటలకు లేదా ఆరునెలలకోసారి సర్వీసు అవసరం. మోటారు సైకిలుకు కిలోమీటర్లు చూపే మీటరు ఉంటుంది. చిన్న పడవ ఇంజినుకు సాధారణంగా అదీ ఉండదు. అందుచేత ఒక చిన్న నోటుపుస్తకంలో ఏరోజు ఎన్ని గంటలు నడిచింది, ఎంత పెట్రోలు పట్టింది రాసుకోవడం తొలిరోజునుంచే అలవాటు కావాలి. మైపాడు, జువ్వలదిన్నె వంటి తీరప్రాంతాల్లో ఔట్‌బోర్డు మెకానిక్కులు దొరికినంత తేలికగా మెట్టలో దొరకరు. ప్లగ్గు మార్చడం, ఇంధన గొట్టం శుభ్రం చేయడం, పంకా విప్పి బిగించడం వంటి పనులైనా యజమానికి స్వయంగా తెలిసి ఉండాలి. ప్లగ్గు పాన, రెండు ప్లగ్గులు, పంకా చీలలు, ప్లయరు, కొంత తాడు, టార్చిలైటు.. ఇవి ఎప్పుడూ పడవలోనే ఉండాలి.

పడవ అడుగున నీరు పోవడానికి ఉండే బిరడాదీ ఇదే కథ. ఒడ్డున తీసిన బిరడాను తిరిగి బిగించకుండా నీటిలోకి దింపడం కొత్తవారి విషయంలో ఎక్కడైనా జరిగేదే. నెలవులో ఉన్నవారు బిరడాను తాళంచెవికే కట్టి ఉంచుతారు.

రెండో ఏడాది: జలాశయం నేర్పే పాఠం

ఇంజిను అలవాటైన తర్వాత ధీమా పెరుగుతుంది. అప్పుడే జలాశయం తన పాఠం మొదలుపెడుతుంది. సోమశిల పూర్తి నీటిమట్టం 330 అడుగులు. శ్రీశైలం నుంచి తెలుగుగంగ ద్వారా వచ్చే నీరు, పెన్నా వరద, దిగువన సాగుకు, కండలేరుకు వదిలే నీరు.. వీటిని బట్టి మట్టం ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. డిసెంబరులో ధైర్యంగా పడవ దూసుకుపోయిన దారిలోనే మే నెలలో చెట్ల మొదళ్లు, రాతిగుట్టలు, ముంపు గ్రామాల పాతగోడలు నీటి కిందే పొంచి ఉంటాయి. పైకి కనిపించేదానికన్నా జానెడు లోతున దాగినదే ప్రమాదకరం.

దీనికి మంచి ఉపాయం ఎండాకాలంలోనే ఉంది. మట్టం బాగా తగ్గినప్పుడు ఒకసారి తిరిగి మోళ్లు, గోడలు, గుట్టలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, సెల్‌ఫోనులోని మ్యాపుపై గుర్తులు పెట్టుకోవాలి. కొండకొమ్ము, ఒంటిచెట్టు వంటి ఒడ్డు ఆనవాళ్లతో సరిచూసుకోవాలి. నీరు నిండిన తర్వాత ఆ గుర్తులే దారిచూపుతాయి. తెలియని ప్రాంతంలో ఒకరు ముక్కుభాగంలో కూర్చుని గడతో లోతు చూస్తుండగా నెమ్మదిగా వెళ్లడమే సరైన పద్ధతి.

పంకా దేనికైనా తగిలినప్పుడు గేర్లు పగలకుండా చిన్న ఇంజిన్లలో ఒక మెత్తటి లోహపు చీల ఉంటుంది. దెబ్బకు అది తెగి ఇంజినును కాపాడుతుంది. చీల తరచూ తెగుతోందని దానిస్థానంలో గట్టి ఇనుప మేకు దిగ్గొట్టేవారున్నారు. మరుసటిసారి తగిలినప్పుడు చీలకు బదులు గేరుబాక్సే పోతుంది. కొన్ని రూపాయల చీలను ఆదా చేయబోయి ఒక సీజను సంపాదనను పోగొట్టుకోవడమంటే ఇదే.

వలలతో మరో చిక్కు. సాయంత్రం వేసిన నైలాన్ వలల తేలుబెండ్లు చీకట్లో కనిపించవు. దారం పంకాకు చుట్టుకుంటే ఇంజిను ఆపి, పైకెత్తి, ఓపికగా విప్పాలి. వేగం పెంచి తెంపాలని చూస్తే దారం కాడలోపలికి దూరి ఆయిల్ సీలును కోస్తుంది. అక్కడినుంచి నీరు గేర్లలోకి చేరుతుంది. పైపెచ్చు తెగింది తోటి మత్స్యకారుడి వల. ఆ నష్టం ఇచ్చిపుచ్చుకుని తేల్చుకోకుంటే ఒకే ఒడ్డున బతకడం కష్టం.

మరపడవ లేపే అల కూడా పొరుగువాడి బతుకుతో ముడిపడిన విషయమే. పుట్టి గుండ్రంగా, తేలికగా ఉంటుంది. పక్కగా వచ్చిన అలకు ఇట్టే ఒరిగిపోతుంది. పుట్టిమీద వలతీస్తున్నవారు కనిపించగానే చాలా ముందునుంచే వేగం తగ్గించాలి. దగ్గరకు వచ్చాక ఒక్కసారిగా తగ్గిస్తే వెనుకనుంచి తరుముకొచ్చే అల మరింత పెద్దదిగా ఉంటుంది.

గాలి, అల, బరువు

విశాలంగా పరుచుకున్న నీటిపై గాలికి అడ్డు ఉండదు. ఈ ఒడ్డున చిరుగాలి అనుకున్నది నడిమధ్యకు వెళ్లేసరికి మోకాటిఎత్తు అలగా మారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే తుపాన్లు ఈ ప్రాంతానికి పరిచయమైనవే. అలలు లేచినప్పుడు పడవను వాటికి అడ్డంగా తిప్పరాదు. ముక్కును కొంచెం ఏటవాలుగా అలకు ఎదురుపెట్టి, నెమ్మదిగా దగ్గరి ఒడ్డుకు చేరాలి. బయల్దేరిన రేవుకే చేరాలన్న పట్టుదల పనికిరాదు.

బరువు విషయంలో మొహమాటం ప్రాణాలు తీస్తుంది. చేపలకోసం కొన్న పడవలో బంధువులు, మిత్రులు సరదాగా ఎక్కుతామంటారు. పదిమంది ఎక్కితే సుమారు 700 కిలోలు. చేపలబుట్ట అడుగున కదలకుండా ఉంటుంది. మనుషులు లేస్తారు, ఒకపక్కకు ఒరుగుతారు, ఫొటోలు దిగుతారు. 2023 ఫిబ్రవరిలో మన జిల్లాలోని పొదలకూరు మండలం తోడేరు చెరువులో పదిమంది యువకులు ఎక్కిన పడవ బోల్తాపడి ఆరుగురు మృతిచెందిన ఘటన ఇంకా జనం మరువలేదు. 2017 నవంబరులో కృష్ణానదిపై ఇబ్రహీంపట్నం పవిత్రసంగమం వద్ద, 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన దుర్ఘటనలు పెద్ద పడవలకూ ఇదే నియమం వర్తిస్తుందని చాటాయి.

లైఫ్‌జాకెట్టు పడవ అడుగున దాచుకునే వస్తువు కాదు. నీటిలో పడ్డాక దాన్ని వెతికి తొడుక్కోవడం ఈతగాడికీ అసాధ్యమే. రేవు వదిలేముందే అందరూ తొడుక్కోవాలి. వల లాగేటప్పుడు కాలికి తాడు చుట్టుకుని పడిపోయిన సందర్భంలో ఈత ఎంత వచ్చినా ఉపయోగపడదు. ఇంజినుతోపాటు వచ్చే ఎర్రతాడును నడిపేవారు చేతికి తగిలించుకోవాలి. మనిషి నీటిలో పడితే ఆ తాడు ఊడి ఇంజిను దానంతటదే ఆగుతుంది. లేకుంటే మనిషిలేని పడవ గుండ్రంగా తిరుగుతూ పడినవారి మీదికే వస్తుంది. సెల్‌ఫోనును గాలిచొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోవాలి. కొండలచాటున సిగ్నలు అందనిచోట్లు ఉంటాయి గనుక ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పి వెళ్లడం తప్పనిసరి.

మూడో ఏడాది: లెక్క నేర్పే పాఠం

మూడో ఏడాదికి పడవ కొన్న ధరకన్నా నడిపే ఖర్చే పెద్దదని అర్థమవుతుంది. పది అశ్వశక్తి టూ స్ట్రోక్ ఇంజిను పూర్తివేగంతో గంటకు సుమారు 4 నుంచి 5 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు 110 రూపాయలుగా లెక్కిస్తే గంటకు 440 నుంచి 550 రూపాయలు. వేగాన్ని కాస్త తగ్గిస్తే ఖర్చు అంతకు ఎన్నోరెట్లు ఎక్కువగా తగ్గుతుంది. బరువుతో నీటిని తోసుకుంటూ వెళ్లే పడవకు చివరి కొద్దిపాటి వేగమే సగం ఇంధనాన్ని మింగుతుంది. తెల్లవారుజామున పది నిమిషాలు ముందు బయల్దేరినవారికి ఆ సొమ్ము మిగిలినట్లే.

ట్యాంకులోని ఇంధనాన్ని మూడుపాళ్లుగా విభజించుకోవడం పడవ నడిపేవారు అంతటా పాటించే సూత్రం. ఒకపాలు పోవడానికి, ఒకపాలు రావడానికి, మూడోది గాలి ఎదురైనా, దారి తప్పినా ఆదుకోవడానికి. ఎంత నమ్మకమైన ఇంజిను ఉన్నా తెడ్లు, గడ పడవలో ఉండాల్సిందే.

ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది. నీటిమీద తిరిగే పడవలో ఈ సమస్య మరింత ఎక్కువ. నెలల తరబడి ట్యాంకులో ఉంచిన పెట్రోలులో నీరు, ఇథనాల్ విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిను మొదట పీల్చేది ఆ అడుగునీటినే. పాత ఇంజిన్ల రబ్బరు గొట్టాలూ మెత్తబడి పగులుతాయి. వేట లేని రోజుల్లో ట్యాంకు ఖాళీచేయడం, కార్బొరేటరులో మిగిలినది కాలిపోయేవరకు ఇంజినును నీటిలోనే నడిపి ఆపడం, నీటిని వడగట్టే ఫిల్టరు బిగించుకోవడం మంచిది. పెట్రోలును ఒడ్డునే పోసుకోవాలి. బీడీ, సిగరెట్టు ఆ దరిదాపులకు రానీయరాదు.

ఇంధనం, నూనె, సర్వీసు, వలల మరమ్మతు, వడ్డీ ఇవన్నీ పోను మిగిలినదే ఆదాయం. దానిలోనుంచి ప్రతినెలా కొంత తీసి ఇంజిను నిధిగా విడిగా దాచినవారు ఇంజిను మొరాయించిన రోజున మళ్లీ వడ్డీవ్యాపారి గడప తొక్కనక్కర్లేదు. ఒక్కరే మోయలేనప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి కొనడం కూడా ఉన్నదే. అయితే ఎవరి రోజు ఏది, చెడిపోతే ఎవరు బాగుచేయించాలి అన్నది కాగితంపై రాసుకోకుంటే పడవకన్నా ముందు స్నేహం మునుగుతుంది.

కట్టుతాడును చిన్నచూపు చూడొద్దు

రాత్రి రేవులో కట్టిన పడవ తెల్లారేసరికి ఉండాలంటే తాడు, ముడి, చోటు మూడూ సరిగా ఉండాలి. జలాశయంలో మట్టం పెరిగినప్పుడు పొట్టితాడుతో కట్టిన పడవ ముక్కు నీటిలోకి లాగబడి మునుగుతుంది. మట్టం తగ్గినప్పుడు గట్టుకు వేలాడి విరుగుతుంది. లంగరు తాడు లోతుకు కనీసం ఐదురెట్లు ఉండాలి. వాన కురిస్తే తెరిచి ఉన్న పడవ తొట్టిలా నిండుతుంది. నిండిన పడవ బరువుకు తాడు తెగుతుంది.

2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదను ఈ ప్రాంతం చూసింది. సోమశిల వద్ద సోమేశ్వరాలయం సైతం ఆ ఉధృతికి దెబ్బతింది. 2024 సెప్టెంబరులో కృష్ణానది వరదకు కొట్టుకొచ్చిన పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. వాటిని బయటకు తీయడానికి రోజుల తరబడి శ్రమించాల్సి వచ్చింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను సమయంలో మన సంగం బ్యారేజీ వద్దా పడవ కొట్టుకొచ్చి ఆందోళన రేపింది. తెగిన ఒక్క తాడు యజమానికి మాత్రమే కాదు, దిగువనున్న వేల ఎకరాల ఆయకట్టుకూ ముప్పు తెస్తుంది. తుపాను హెచ్చరిక వెలువడగానే ఇంజిను విప్పి ఇంటికి చేర్చడం, పడవను గట్టుపైకి లాగి బోర్లించి చెట్టుకు కట్టడం ఉత్తమం. గేట్ల సమీపానికి, స్పిల్‌వే దిగువకు ఏ సమయంలోనూ పడవ తీసుకువెళ్లరాదు.

కాగితాలు ఉంటేనే ధీమా

1917 నాటి పాత చట్టం స్థానంలో కేంద్రం 2021లో అంతర్గత జలయానాల చట్టాన్ని తెచ్చింది. లోతట్టు నీటిలో ఇంజినుతో నడిచే పడవల రిజిస్ట్రేషన్, సామర్థ్య తనిఖీ, బీమా, రక్షణ సామగ్రి వంటివి దీని పరిధిలోకి వస్తాయి. జలాశయంలో చేపలవేటకు మత్స్యశాఖ లైసెన్సు వేరే. చేపలవేటకు లైసెన్సు ఉన్నంత మాత్రాన కిరాయికి మనుషులను ఎక్కించుకునే హక్కు వచ్చినట్లు కాదు. కాగితాలు లేని పడవ ప్రమాదానికి గురైతే బీమా రాదు సరికదా, కేసు యజమాని మెడకే చుట్టుకుంటుంది.

2020-21లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారుల పథకాలకు సాధారణ వర్గాలవారికి యూనిట్ వ్యయంలో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం వరకు రాయితీని నిర్దేశించారు. ఏ యూనిట్లకు మంజూరు ఉందో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్న తర్వాతే బయట అప్పుకు వెళ్లడం వివేకం.

రేవు వదిలేముందు సరిచూసుకోండి

- అడుగు బిరడా బిగించారా?
- ఇంధనం మూడుపాళ్ల లెక్కకు సరిపోతుందా?
- అందరూ లైఫ్‌జాకెట్లు తొడుక్కున్నారా?
- ఎర్రతాడు చేతికి ఉందా? నీటిధార వస్తోందా?
- తెడ్లు, గడ, లంగరు, తోడుడు డబ్బా, టార్చిలైటు ఉన్నాయా?
- పెట్టెలో చీలలు, ప్లగ్గులు ఉన్నాయా?
- వాతావరణ సూచన, జలాశయం మట్టం తెలుసుకున్నారా?
- ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పారా?
- ఆపదలో 112కు ఫోను చేయాలని పడవలోని అందరికీ తెలుసా?

వీటిని చూసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టదు. పడవ కొన్న కొత్తలో ఇవి చాదస్తంగా తోస్తాయి. మూడేళ్లు దాటి పడవా, ఇంజినూ, మనుషులూ క్షేమంగా ఉన్న ఇళ్లలో ఇవే నిత్యకృత్యాలు.